పరంగికాయ పాలు, తేట బీరు, మన బొమ్మసంద్ర

అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రం రాచెస్టర్‌లో ఉంటున్న మా చిన్నాన్న మనవడు కొన్నాళ్ల కిందట మన కుటుంబం గ్రూపులో ఒక ఆకుపచ్చ డబ్బా ఫొటో పెట్టాడు. దాని మీద 'జెనెసీ క్రీమ్ ఏల్' అని ఉంది. "ఇక్కడ చవకగా దొరికే బీరు ఇది. పేరులో క్రీమ్ ఉంది కదా, పాలేమైనా కలుపుతారా? శాకాహారం వాళ్లు తాగొచ్చా?" అని అడిగాడు.

గ్రూపులో ఒక్కరు మాట్లాడలేదు. పండగ ఫొటో పెడితే పది నిమిషాల్లో నలభై దండాలు వచ్చే గ్రూపు అది. ఆ పూట అందరికీ ఏదో పని తగిలింది. చివరికి వాడికి నేనే విడిగా జవాబు రాశాను. రాస్తూ పోతుంటే ఆ జవాబు హోసూరు రోడ్డు మీదికి, మన బొమ్మసంద్ర దాకా వచ్చింది. బావి గురించి, పాత ఇంటి గురించి రాసుకున్నట్టే ఇది కూడా రాసిపెట్టుకోవాల్సిన సంగతి అనిపించింది.

పెద్దత్తకి ఇది నచ్చదు, ముందే చెప్పేసింది. ఆవిడ పుట్టిల్లు నెల్లూరు జిల్లా. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించిన నాటి సంగతులు, రోశమ్మ పేరు, ఇంటి మనుషుల ముచ్చట్లు చెప్పినట్టు చెబుతుంది. ఆ కదలిక పెరిగి పెరిగి 1995లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం మద్యనిషేధం పెట్టేదాకా పోయింది. రెండేళ్లకే, 1997లో, చంద్రబాబు నాయుడు ప్రభుత్వం దాన్ని ఎత్తేసింది. "కూలిపోయిన కొంపలు చూసినదాన్ని. ఇంటి చరిత్ర రాసుకునే చోట బీరు ఏందిరా?" అంటుంది. ఆవిడ మాట తీసిపారేసేది కాదు. నేను ఇక్కడ తాగమని రాయడం లేదు. ఒక చవక పానీయం తేటగా ఉండాలన్న పట్టుదల ఒక ఊరికి ఎలా పనికొచ్చిందో రాస్తున్నాను.

మొదట వాడి ప్రశ్న సంగతి. క్రీమ్ ఏల్‌లో క్రీమ్ లేదు, పాలు లేవు, వెన్న లేదు. నోటికి నున్నగా తగులుతుందని, పైన నురుగు బాగా నిలుస్తుందని చెప్పుకోడానికి వ్యాపారులు పెట్టుకున్న పేరు అది. అమెరికాలో మొదట ఇంగ్లీషువాళ్ల ఏల్ నడిచేది. ఏల్ ఈస్ట్ కాస్త వెచ్చగా ఉన్నచోట తొందరగా పులుస్తుంది. 1840ల తర్వాత జర్మనీ నుంచి వచ్చినవాళ్లు లాగర్ పట్టుకొచ్చారు. అది చల్లని గదుల్లో వారాల తరబడి నిలవ ఉండి తయారయ్యే బీరు, రంగు తేలిక, రుచి తేలిక. జనం అటు తిరిగారు. ఈశాన్య రాష్ట్రాల ఏల్ వ్యాపారులకి గుండెల్లో రాయి పడింది. తమ ఈస్ట్ మార్చకుండా, నెలలు ఆగకుండా, లాగర్‌లాంటిది ఎలా ఇవ్వాలి? తమ పద్ధతిలోనే వెచ్చగా పులియబెట్టి, ఆ తర్వాత బాగా చల్లబరిచి అమ్మారు. క్రీమ్ ఏల్ అంటే అంతే. పోటీ భయంలో పుట్టిన బీరు.

1920 నుంచి 1933 దాకా అమెరికాలో దేశమంతా మద్యనిషేధం. ఆ దెబ్బకి ఈ రకం చాలా ఊళ్లలో మాయమైంది. మళ్లీ నిలబెట్టినవి రెండు పేర్లు: సిన్సినాటిలో షోన్‌లింగ్ కంపెనీ 1958లో తెచ్చిన లిటిల్ కింగ్స్, రాచెస్టర్‌లో 1878 నుంచి ఉన్న జెనెసీ కంపెనీ 1960లో తెచ్చిన క్రీమ్ ఏల్. లిటిల్ కింగ్స్ ఏడు ఔన్సుల బుల్లి పచ్చ సీసాలో వచ్చేది. రెండూ ఫ్యాక్టరీ కార్మికుల బీర్లే, కాలేజీ పిల్లల బీర్లే. పెద్దమనుషులు వీటి పేరెత్తితే ముక్కు చిట్లిస్తారు.

నేను రాచెస్టర్ వెళ్లినప్పుడు రుచి చూశాను (పెద్దత్తా, ఒక్క గ్లాసే). ఎండుగడ్డి రంగు, అవతల పెట్టిన వేళ్లు కనపడేంత తేట. ముందు చిరుతీపి తగులుతుంది. వెనకాలే, మొక్కజొన్న పొత్తులు ఉడకబెట్టిన గిన్నె మూత తీస్తే వచ్చే వాసన లేతగా ఉంటుంది. చేదు ఉందా లేదా అన్నట్టు ఉంటుంది. గ్యాసు జాస్తి. మింగాక నోట్లో ఏమీ మిగలదు. "ఏమీ మిగలదు" అన్నది తిట్టు కాదు. చేసినవాళ్లు కోరుకున్నదే అది.

ఇది ఎలా చేస్తారో మన ఇంటి ఆడవాళ్లకి చెప్తే సగం ముందే తెలిసినట్టు ఉంటుంది. రాగులు నానబోసి, గుడ్డలో మూటగట్టి మొలకెత్తించి, ఎండబెట్టి, దోరగా వేయించి, విసిరి పసిపిల్లలకి జావ కాస్తారు కదా. మామూలు రాగిపిండి జావ చిక్కబడి గడ్డకడుతుంది. మొలకల పిండి జావ పలచగా ఉంటుంది, చక్కెర వేయకపోయినా కొంచెం తీపి. మొలకలో పుట్టిన ఎంజైమ్‌లు గంజిని కోసి చక్కెర చేస్తాయి కాబట్టి అలా అవుతుంది. బార్లీతో ఇదే పని చేస్తే దాన్ని మాల్ట్ అంటారు. ఆ మాల్ట్ పిండిని 62 నుంచి 72 డిగ్రీల వేడినీళ్లలో గంట, గంటన్నర ఉంచితే తీపి నీళ్లు దిగుతాయి. వాటిని వడకట్టి, హాప్ పువ్వులు వేసి మరిగించి, చల్లార్చి, ఈస్ట్ కలిపితే బీరు దారి పడుతుంది.

చవక బీరులో తేడా ఏమిటంటే, గింజల్లో నూటికి ఇరవై ముప్పై పాళ్లు బార్లీ బదులు మొక్కజొన్న రవ్వో, బియ్యమో పడుతుంది. ధర తగ్గించడానికి కల్తీ చేశారని అందరూ అంటారు. అది సగం నిజం. మిగతా సగం ఇది: అమెరికాలో ఒకప్పుడు ఎక్కువగా పండించింది ఆరు వరసల బార్లీ. కంకిని పైనుంచి చూస్తే గింజలు ఆరు వరసల్లో ఉంటాయి. దాంట్లో ప్రొటీన్ ఎక్కువ, ఎంజైమ్‌ల బలం ఎక్కువ. ఒట్టి దానితో చేస్తే బీరు బరువుగా, మబ్బుగా వస్తుంది. మొక్కజొన్న కలిపితే ప్రొటీన్ పలచబడుతుంది, మిగులు ఎంజైమ్‌లకీ పని దొరుకుతుంది. మన రాజస్థాన్, హర్యానా బార్లీ కూడా ఎక్కువభాగం ఆరు వరసలదే. ఇక్కడి బ్రూవరీలు బియ్యం, మొక్కజొన్న కలపడానికి కారణం అక్కడ ఎంతో ఇక్కడా అంతే.

మొక్కజొన్నని ఊరికే పోయలేరు. మొలక భాగంలో నూనె ఉంటుంది, నూనె తగిలితే నురుగు చస్తుంది. అందుకని మొలక తీసేసిన రవ్వ వాడతారు. ఆ రవ్వలో గంజి మాల్ట్ వేడికి విడదు. విడిగా ఒక పెద్ద పాత్రలో జావలాగా ఉడికించి, ఆ మరిగే జావని మాల్ట్ తొట్టిలో పోస్తారు. దాంతో తొట్టి వేడి కూడా కావాల్సినంతకి లేస్తుంది. సంగటికి ఎసరు లెక్క చూసుకున్నట్టే ఇక్కడా లెక్క చూసుకోవాలి. ఇందాక చెప్పిన పొత్తుల వాసన మాత్రం చాలావరకు మొక్కజొన్న నుంచి వచ్చేది కాదంటే ఆశ్చర్యపోతారు. బార్లీ మాల్ట్‌లో ఉండే ఒక గంధకపు పదార్థం వేడికి విడిపోయి ఆ వాసన పుడుతుంది. మూత తీసి గట్టిగా మరిగిస్తే ఎగిరిపోతుంది. క్రీమ్ ఏల్‌లో కొంచెం మిగిలితే తప్పు పట్టరు, పైగా అదే దాని గుర్తు.

ఘాటైన నల్లబీరులోనో, ఇప్పటి చేదు బీరులోనో పొరపాటు జరిగితే దాగిపోతుంది. మసాలా దట్టించిన కూరలో ఉప్పు అటూ ఇటూ అయినట్టు. చవక తేట బీరులో దాగడానికి చోటు లేదు. పెరుగన్నంలో రాయి లాంటిది, వెంటనే పంటికి తగులుతుంది. మన తెలుగు రాష్ట్రాల్లో నాకౌట్, హేవర్డ్స్ 5000 లాంటి స్ట్రాంగ్ బీర్లు ఎందుకంత నడుస్తాయంటే, కొనేవాడు మత్తుకి లెక్క చూసుకుంటాడు, రుచికి కాదు. ఆ దారిలో చేసేవాడి నైపుణ్యం పెద్దగా పరీక్షకి రాదు. నా అభిప్రాయం ఇది, కాదనేవాళ్లు ఉంటారు.

ఇప్పుడు మబ్బు సంగతి. మన చరిత్ర మొదలయ్యేది ఇక్కడే.

చలికాలం పొద్దున కొబ్బరినూనె సీసాలో గడ్డకడుతుంది, ఎండలో పెడితే మళ్లీ తేట అవుతుంది. బీరు కూడా ఇంచుమించు అలాగే చేస్తుంది. మామూలు వేడిలో తేటగా ఉన్న బీరుని మంచులో పెడితే మబ్బు కమ్ముతుంది. బార్లీ నుంచి వచ్చిన కొన్ని ప్రొటీన్లు, గింజ పొట్టు నుంచి, హాప్ నుంచి వచ్చిన వగరు పదార్థాలు చలిలో ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. ఆ ముద్దలు వెలుగుని చెదరగొడతాయి. వేడెక్కితే విడిపోతాయి. తాగితే ఏమీ కాదు, రుచీ మారదు. ఇంగ్లండులో చల్లబరచకుండా, మట్టి, తగరం ముంతల్లో తాగినన్నాళ్లు ఇది ఎవరికీ పట్టలేదు. అమెరికాలో గాజు గ్లాసులు వచ్చాయి, ఐసుపెట్టెలు వచ్చాయి, బీరుని సీసాల్లో నింపి రైల్లో దూరదేశాలు పంపడం వచ్చింది. గ్లాసులో మబ్బు కనపడితే కొన్నవాడు పాడైపోయిందనుకుని వెనక్కి కొట్టేవాడు. మంచులా చల్లగా తాగే చవక బీరుకి ఇది ప్రాణసంకటం. ఖరీదైన బీరుకి చెప్పుకోడానికి ఏవేవో గొప్పలుంటాయి. చవక బీరుకి ఉన్న పరువు ఒక్కటే, తేటదనం.

1911లో న్యూయార్క్‌లో లియో వాలర్‌స్టీన్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు దీనికి మందు కనిపెట్టి పేటెంట్లు తీసుకున్నాడు. ప్రొటీన్లని కోసే ఎంజైమ్ చిటికెడు బీరులో కలిపితే మబ్బు కట్టే ముద్దలు ముందే ముక్కలైపోతాయి, ఎంత చల్లబరిచినా తేటగా ఉంటుంది. వాటిలో బాగా స్థిరపడినది పాపాయిన్. అది వచ్చేది పచ్చి బొప్పాయి పాల నుంచి.

మన ఇంట్లో దాన్ని బొప్పాయి అనేవాళ్లు తక్కువ. ఆనేకల్లు తాలూకా కన్నడం పట్టుకుని పరంగికాయ అనే అంటాం. పరంగి అంటే పరదేశివాడు. మధ్య అమెరికాలో పుట్టిన చెట్టు, పదహారో శతాబ్దంలో పోర్చుగీసువాళ్ల ఓడల్లో మన తీరానికి వచ్చింది, పేరులోనే ఆ సంగతి మిగిలింది. మటన్ ముదురుదైతే నాయనమ్మ పచ్చి పరంగికాయ ముక్క ఒకటి వేసేది. రెండు ముక్కలు వేస్తే కూర పీచు పీచుగా విడిపోయేది. వాలర్‌స్టీన్ బీరులో వాడింది ఆ గుణాన్నే. మాంసం ప్రొటీనే, మబ్బూ ప్రొటీనే.

పాలు తీయడం కూడా చెబుతాను, ఎందుకంటే ఇది వ్యవసాయం పని. రెండున్నర మూడు నెలల పచ్చికాయ మీద తెల్లవారుజామున నిలువునా నాలుగు గీతలు గీస్తారు, లోతు రెండు మూడు మిల్లీమీటర్లు మించకూడదు. ఇనుపకత్తి తగిలితే పాపాయిన్ చచ్చిపోతుంది. అందుకే వెదురుబద్దో, స్టెయిన్‌లెస్ బ్లేడో వాడతారు. పాలు బొట్లు బొట్లుగా కింద కట్టిన పళ్లెంలో పడి గడ్డకడతాయి. ఎండ ఎక్కేలోపు పని అయిపోవాలి. మూడు నాలుగు రోజులు ఆగి అదే కాయని పక్కన మళ్లీ గీస్తారు. పాలని 50, 55 డిగ్రీల వేడిలో ఆరబెట్టి పొడి చేస్తారు. చేతులకి గుడ్డ చుట్టుకోకపోతే వేళ్ల చర్మం లేచిపోతుంది. ప్రొటీన్ కోసేది చర్మాన్ని మాత్రం వదులుతుందా?

పాపాయిన్‌కి ఇంకో గుణం ఉంది. సీసాల్లో నింపాక బీరుని 60 డిగ్రీల దగ్గర పాశ్చరైజ్ చేస్తారు. ఆ వేడికి చాలా ఎంజైమ్‌లు చల్లబడిపోతాయి, పాపాయిన్ మాత్రం అక్కడే చురుకెక్కుతుంది. అందుకే కొంచెం చాలు. అతి చేస్తే నురుగుని నిలబెట్టే ప్రొటీన్లని కూడా కోసేస్తుంది, అప్పుడు తేట ఉంటుంది, నురుగుండదు. పేరులోనే క్రీమ్ పెట్టుకున్న బీరుకి అది అవమానం కదా.

మబ్బుకి ఇంకో మందు పాతది: ఐసింగ్లాస్. చేప పొట్టలో గాలితిత్తి ఉంటుంది, దాన్ని ఎండబెట్టి కరిగిస్తే వచ్చే జిగురు. ఇది కోసేది కాదు, పట్టుకునేది. బీరులో తేలుతున్న ఈస్ట్‌ని కూడగట్టుకుని అడుగుకి దిగుతుంది. గుంటనీళ్లు తెచ్చిన కుండ లోపలి వైపు చిల్లగింజ అరగదీస్తే బురద అడుక్కి దిగేది, మన పాతవాళ్లకి తెలుసు. పని అదే, కాకపోతే ఇది చేపది. ఇంగ్లండు పీపా బీర్లకి ఇది తరతరాలుగా వాడుక. కాబట్టి వాడి ప్రశ్నకి జవాబు కొంచెం మెలికపడింది. పాపాయిన్‌తో తేటపరిస్తే ఆ మటుకు చెట్టు సరుకే, ఐసింగ్లాస్‌తో అయితే చేప సరుకు. పీపా అడుగున మడ్డితో పోతుంది, గ్లాసులో మిగిలేది నామమాత్రం అంటారు గానీ, నిష్ఠ ఉన్నవాళ్లకి ఆ మాట సరిపోదు. ఐర్లండు గిన్నెస్ కంపెనీ కూడా ఈ గొడవ పడలేక 2017 నాటికి ఐసింగ్లాస్ మానేసింది. ఫలానా బీరు సంగతి కావాలంటే ఆ కంపెనీకి ఉత్తరం రాసి అడగడమే మార్గం.

ఇక మన వైపు. బెంగళూరులో దండు ఉంది కాబట్టి బీరు వచ్చింది. ఇంగ్లీషు సిపాయిలకి పెద్ద పీపాల్లో ఎడ్లబండ్ల మీద బీరు తోలేవాళ్లు. బెంగళూరులో 1885 నాటికే బ్రూవరీ ఉంది. దక్షిణాదిలోని అలాంటి ఐదు బ్రూవరీలని 1915లో థామస్ లీష్‌మన్ అనే స్కాట్లండ్ ఆయన ఒకటి చేసి యునైటెడ్ బ్రూవరీస్ పెట్టాడు. 1947లో విఠల్ మాల్యా దాంట్లో మొదటి భారతీయ డైరెక్టరు, మరుసటి ఏడు చైర్మన్. ఇవాళ యూబీ సిటీ అద్దాల మేడలున్నచోట అప్పటి బ్రూవరీ ఉండేది. అప్పుడు ఆ రోడ్డు గ్రాంట్ రోడ్డు, ఇప్పుడు విఠల్ మాల్యా రోడ్డు.

మన రోడ్డు సంగతి వేరు. 1937 అక్టోబరు 1న రాజాజీ ప్రభుత్వం దేశంలోనే మొదటిసారి సేలం జిల్లాలో మద్యనిషేధం పెట్టింది. హోసూరు అప్పుడు సేలం జిల్లా తాలూకా. అంటే అత్తిబెలె దాటితే ఎండు నేల, ఇవతల మైసూరు సంస్థానం. రెండు చట్టాల మధ్య రోడ్డు మీద ఉన్న ఊరు మనది. రెండు వైపులా తెలుగు మాట్లాడేవాళ్లు మాత్రం చాలామంది.

యునైటెడ్ బ్రూవరీస్‌లో హెడ్ బ్రూమాస్టరుగా రసేంద్ర మజుందార్ అని గుజరాతీ ఆయన ఉండేవారు. కూతురు కిరణ్. డాక్టరు చదవాలనుకుంది, స్కాలర్‌షిప్ రాలేదు. 1973లో బెంగళూరు యూనివర్సిటీలో జువాలజీ డిగ్రీ అయింది. పులియబెట్టే శాస్త్రం చదవమన్నది తండ్రే. ఆడపిల్లని బీరు చదువుకి పంపిన తండ్రి ఆ రోజుల్లో ఎంతమంది? ఆస్ట్రేలియాలో బల్లారట్ వెళ్లింది. ఆ కోర్సులో ఆడమనిషి తనొక్కతే, క్లాసులో మొదటి స్థానం తనదే. 1975లో మాస్టర్ బ్రూవర్ పట్టా చేతికొచ్చింది. కలకత్తాలో జూపిటర్ బ్రూవరీస్‌కి సలహాదారుగా, బరోడాలో ఒక మాల్ట్ కంపెనీలో టెక్నికల్ మేనేజరుగా చేసింది. ఇంత చదివినా బ్రూమాస్టర్ ఉద్యోగం మాత్రం రాలేదు. అది మగవాళ్ల పని అన్నారు. కార్మికులు మగవాళ్లు, రాత్రి షిఫ్టులు, నువ్వెలా నెగ్గుకొస్తావు అన్న ధోరణి.

ఇక్కడ నాకు పెద్దత్త గుర్తుకొస్తుంది. దూబగుంటలో ఆడవాళ్లు సారా దుకాణం తలుపు మూశారు. అంతకు పదిహేనేళ్ల ముందు ఒక ఆడపిల్లకి బీరు ఫ్యాక్టరీ తలుపు మూశారు. ఈ రెండూ నా బుర్రలో ఒకే గూట్లో కూర్చోవు. కానీ రెండూ మనవే.

ఆమె స్కాట్లండు ఉద్యోగానికి వెళ్లే ఏర్పాట్లలో ఉండగా, ఐర్లండులో కార్క్ ఊరి బయోకాన్ బయోకెమికల్స్ యజమాని లెస్లీ ఆకిన్‌క్లాస్ కలిశాడు. ఆయన కంపెనీ అమ్మేది బీరు, ఆహార పరిశ్రమలకి కావాల్సిన ఎంజైమ్‌లు. ఇండియాలో ఒక భాగస్వామి కోసం వెతుకుతున్నాడు. విదేశీ వాటా మీద పరిమితి ఉండేది, కాబట్టి డెబ్బై పాళ్లు ఆమెవి. 1978లో బెంగళూరులో ఒక అద్దె ఇంటి గరాజ్‌లో, పదివేల రూపాయలతో బయోకాన్ ఇండియా మొదలైంది. మొదటి ఉద్యోగి ఒక రిటైరైన మెకానిక్. బ్యాంకులు అప్పివ్వడానికి వెనకాడాయి: ఇరవై ఐదేళ్ల ఆడపిల్ల, వినని వ్యాపారం.

మొదట చేసిన సరుకులు రెండు. పరంగికాయ పాల నుంచి పాపాయిన్, చేప గాలితిత్తి నుంచి ఐసింగ్లాస్. రెండూ బీరుని తేటపరిచేవే. బీరు చేసే ఉద్యోగం ఇవ్వని లోకానికి ఆమె బీరు మబ్బు విడదీసే మందు అమ్మింది. ఏడాది తిరక్కుండా అమెరికాకి, యూరప్‌కి ఎంజైమ్‌లు ఎగుమతి చేసింది. ఆ పని చేసిన మొదటి భారతీయ కంపెనీ అదే. అమెరికా నుంచి ఓడలో వచ్చిన చెట్టు పాలు, పొడిగా మారి మళ్లీ అటువైపు ఓడ ఎక్కాయి. (అదే 1978లో కింగ్‌ఫిషర్ కూడా మార్కెట్‌కి వచ్చింది. అది తండ్రి పనిచేసిన కంపెనీ బీరు.)

మొదటి సంపాదనతో ఆమె కొన్నది ఇరవై ఎకరాలు. అప్పట్లో ఊరి బయట అంత నేల ఏం చేసుకుంటారని నవ్వినవాళ్లు మనవాళ్లలోనే ఉన్నారు. హోసూరు రోడ్డు ఇరవయ్యో కిలోమీటరు, హెబ్బగోడి దగ్గర రాగిచేల మధ్య ఫ్యాక్టరీ లేచింది. ఆ తర్వాత బొమ్మసంద్ర – జిగణి లింక్ రోడ్డు మీద బయోకాన్ పార్క్ వచ్చింది. బీరు ఎంజైమ్‌ల నుంచి పళ్లరసాల ఎంజైమ్‌లకి, అక్కడినుంచి కొలెస్టరాల్ మందులకి, 2004లో ఇన్సులిన్‌కి వెళ్లారు. ఆ ఇన్సులిన్ చేసేది కూడా ఈస్ట్‌తోనే. పికియా అనే రకం ఈస్ట్‌ని స్టీలు ట్యాంకుల్లో పెంచుతారు. ట్యాంకు, గాలి, వేడి, శుభ్రం, రాత్రి షిఫ్టు అన్నీ బ్రూవరీ పనుల తోబుట్టువులే. ఈ సంగతి పెద్దత్తకి చెప్పాను. ఆవిడకి ఇరవై ఏళ్లుగా షుగరు. "మందు వేరు, మందు వేరు" అంది, ఒకే మాటని రెండు రకాలుగా పలికి.

మన పిల్లలకి బొమ్మసంద్ర అంటే మందుల కంపెనీలు, గుండె ఆస్పత్రి, పక్కనే ఎలక్ట్రానిక్ సిటీ. ఇవన్నీ ఆకాశం నుంచి ఊడిపడ్డట్టు మాట్లాడతారు. దీని వేరు ఒకటి గ్రాంట్ రోడ్డు బ్రూవరీలో ఉందని, ఆ వేరుకి పరంగికాయ పాలు పోశారని చెప్తే నవ్వుతారు. ఇళ్లలో చెప్పకపోవడానికి కారణం నాకు తెలుసు. ఇన్సులిన్ చెప్పుకోదగ్గది, బీరు చెప్పుకోదగ్గది కాదు.

2007లో బయోకాన్ తన ఎంజైమ్ వ్యాపారం మొత్తం డెన్మార్క్ కంపెనీ నోవోజైమ్స్‌కి అమ్మేసింది. గరాజ్ నాటి సరుకుతో సంబంధం అక్కడితో తెగింది. యునైటెడ్ బ్రూవరీస్‌లో పెద్ద వాటా 2021లో హైనెకెన్ చేతికి పోయింది. 2025 జనవరిలో, ధరలు పెంచడం లేదని, బకాయిలు రావడం లేదని తెలంగాణకి బీరు ఆపేసి, ఆ నెలలోనే మళ్లీ పంపింది. అక్కడ చవక బీరు ఎంతకి అమ్మాలో నిర్ణయించేది చేసేవాడు కాదు, ప్రభుత్వ కార్పొరేషన్. అదే ఏడు ఆగస్టులో మన పసుపు లైను మెట్రో వచ్చింది. బొమ్మసంద్ర చివరి స్టేషను. దానికి ముందుదాని పేరు బయోకాన్ హెబ్బగోడి.

ఆ మెట్రో ఎక్కి నగరంలోకి పోతే, 2010 తర్వాత పుట్టుకొచ్చిన చిన్న బ్రూవరీ రెస్టారెంట్లు కనపడతాయి. కుర్రవాళ్లు అక్కడ ఎక్కువ డబ్బు పెట్టి మరీ కొనేది మబ్బు బీరు. మా అల్లుడు ఒకసారి తీసుకెళ్లాడు. గ్లాసు కలిగడుగు నీళ్లలా ఉంది. తేటపరచకుండా ఎందుకిచ్చారని వెయిటర్‌ని అడిగాను. "సార్, అదే స్పెషల్" అన్నాడు.